వార్సాలో ఓర్డోనువ్నా జాడ వెతుకుతూ

పోలండ్ రాజధాని వార్సా వెళ్ళినవాళ్ళు పాతబస్తీ, షోపాన్ మ్యూజియం చూసుకుని వచ్చేస్తారు, నేను మాత్రం హాంకా ఓర్డోనువ్నా కోసం తిరిగాను. 1902లో ఆ ఊళ్ళోనే పుట్టిన గాయని, అభిమానులు ముద్దుగా ఓర్డొంకా అనేవారు. క్వీ ప్రో క్వో అనే క్యాబరేతో, అంటే పాటలు, హాస్యం కలిసిన రంగస్థల ప్రదర్శనలతో, స్టార్ అయింది, 1933లో ఒక గూఢచారి సినిమాలో కవి యూలియన్ తువిమ్ రాసిన ప్రేమపాట పాడింది, అది పోలండ్‌లో ఇప్పటికీ పాడుకుంటారు. గొంతు మరీ పెద్దదేం కాదు, కానీ ఒక్కో మాటనీ ఆవిడ పలికే తీరుకి మనసు కరిగిపోతుంది.

1939లో జర్మన్లు వచ్చారు, పాట ఆగింది. నాజీల రహస్య పోలీసు గెస్టపో ఆవిణ్ణి పావియాక్ జైల్లో పెట్టింది. ఆ జైలుని 1944లో జర్మన్లే పేల్చేశారు, ఇప్పుడు మిగిలిన గేటు ముక్క దగ్గర మ్యూజియం ఉంది. బయట ఒక చెట్టు ఉంది చూడండి, దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. అసలు చెట్టు చచ్చిపోతే బెరడు మీది పగుళ్ళతో సహా కంచులో పోత పోసి నిలబెట్టారు, కాండం నిండా చనిపోయిన ఖైదీల పేర్ల పలకలే.

ఓర్డోనువ్నా అక్కణ్ణుంచి ప్రాణాలతో బయటపడి లిథువేనియాలోని విల్నియస్ చేరింది, ఈసారి సోవియట్లు పట్టుకుని నిర్బంధ శిబిరానికి పంపారు. 1941లో పోలండ్, సోవియట్‌ల మధ్య ఒప్పందం కుదిరాక విడుదలైంది. అప్పటికే క్షయ. అయినా తన సంగతి పక్కన పెట్టి, అమ్మానాన్నల్ని పోగొట్టుకుని ఆకలితో మాడుతున్న పోలిష్ పిల్లల్ని పోగుచేసే పనిలో దిగింది, 1942లో అప్పటి సోవియట్ తుర్క్‌మెనిస్తాన్‌లోని అష్గాబాద్ నుంచి లారీల్లో, ఇరాన్ మీదుగా, ఆ పిల్లలతో కలిసి మన బొంబాయి దాకా వచ్చింది! ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పిల్లలకి జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు దిగ్విజయ్ సింహ్‌జీ నీడనిచ్చారు.

వార్సాలో ఓఖోతా వైపు ఆయన పేరిట మంచి మహారాజు స్క్వేర్ ఉంది, స్మారకం కూడా ఉంది. మనవాళ్ళు అక్కడ ఫొటోలు దిగుతారు, దిగాలి కూడా, కానీ ఆ పిల్లల వెంట అంత దూరం వచ్చిన ఈవిడ పేరు కూడా ఆ పక్కనే చెప్పుకోవాలని నా పట్టుదల.

ఓర్డోనువ్నా లెబనాన్ రాజధాని బేరూత్‌లో 1950లో, యాభై కూడా నిండకుండానే పోయింది. అస్థికలు 1990లో గానీ సొంతూరు చేరలేదు, పొవోంజ్కి శ్మశానంలో ఉన్నాయి. గేటు దగ్గర గాజు బుడ్లలో కొవ్వొత్తులు అమ్ముతారు, ఒకటి కొని ఆవిడ సమాధి దగ్గర వెలిగించాను.

బాలాచడిలో ఆ శిబిరం ఉన్నచోట ఇప్పుడు సైనిక్ స్కూల్ నడుస్తోంది, సెలవు దొరకగానే నా తర్వాతి ప్రయాణం అక్కడికే.