లైల్‌లో ఆగని బండి

చికాగోలో ఉద్యోగంలో చేరిన రెండో వారం. సాయంత్రం యూనియన్ స్టేషన్‌లో పరిగెత్తుకుంటూ వెళ్లి, కదలబోతున్న అరోరా బండి ఎక్కేశాను. అరోరా దాకా పోయేది దారిలో మేముండే లైల్‌లో ఆగకపోతుందా అనుకున్నా, తెనాలి వైపు ప్యాసింజర్లెక్కి పెరిగిన బుద్ధి కదా. తీరా చూస్తే అది ఎక్స్‌ప్రెస్, మొదటి స్టాపే లైల్ దాటాక వచ్చే నేపర్‌విల్. మా స్టేషన్, పొద్దున నేను పార్క్ చేసిన కారు, రెండూ కిటికీలోంచి కనబడి వెళ్లిపోయాయి.

ఆఫీసులో చెబితే నవ్వారు, "ఆ రైలు మార్గాన్ని రేస్‌ట్రాక్ అనేది ఊరికే కాదు" అని. అరోరా నుంచి చికాగో దాకా దాదాపు 38 మైళ్లు, పక్కపక్కనే మూడు లైన్లు. ఏ లైను మీదైనా ఏ వైపుకైనా బండి నడిపేలా సిగ్నళ్లున్నాయి కాబట్టి పక్క లైనులో లోకల్ ఆగి ఉండగానే ఎక్స్‌ప్రెస్ దాన్ని దాటిపోతుంది. ఇక గూడ్సులు, కాలిఫోర్నియా దాకా వెళ్లే జెఫిర్ అనే దూరప్రయాణపు రైలు కూడా ఈ పట్టాల మీదే.

మొదట్లో అరోరా బళ్లు వేరే కంపెనీ పట్టాల మీదుగా చుట్టు తిరిగి చికాగో చేరేవట. 1864లో బర్లింగ్టన్ అనే రైల్వే కంపెనీ ఈ తిన్నని దారి వేసుకుంది. 1950లో రెండంతస్తుల పెట్టెలు తెచ్చింది కూడా వాళ్లే. నాకు భలే నచ్చేవి అవే: మధ్యలో ఖాళీ వదిలి రెండు పక్కలా పైన ఒంటి సీట్లు వేశారు, కండక్టర్ మెట్లెక్కే పని లేకుండా కింద నడవాలోనే నిలబడి చెయ్యి చాచి పైవాళ్ల టికెట్లూ చూసేస్తాడు.

వేగానికి మూల్యమూ ఉంది. 1946 ఏప్రిల్ 25న నేపర్‌విల్‌లో ఆగి ఉన్న బండిని వెనకనుంచి వచ్చిన ఇంకో బండి గుద్దింది, 45 మంది పోయారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన రూలు వల్లే, బండిని తనంతట ఆపే ఏర్పాటు లేని లైన్లలో ప్రయాణికుల బళ్లకి గంటకి 79 మైళ్ల హద్దు పడింది.

మొన్నామధ్య అమ్మ వచ్చినప్పుడు అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్తూ ఇదే రైలు మార్గం మీదున్న డౌనర్స్ గ్రోవ్‌లో గేటు దగ్గర ఆగాం. లోకల్ వెళ్లిపోయింది, గంట మాత్రం మోగుతూనే ఉంది. "వెళ్లిపోయిందిగా, ఇంకా గేటు ఎత్తరేంట్రా?" అంది. అనేలోపే అటునుంచి ఎక్స్‌ప్రెస్, దాని వెనక లైను మీద బొగ్గు గూడ్సు. అమ్మ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, నలభై దాటాక లెక్క తప్పింది.