అమ్మ గది మీది స్లాబు

హనుమకొండలో మాది 150 గజాల ఇల్లు. పైన ఒక్కటే గది, అందులో అమ్మ ఉంటుంది. మెట్లు ఎక్కలేక ఆయాసపడుతున్నా ఆ గది వదలదు. పొద్దున లేవగానే కుండీల్లో మొక్కలు కళ్ల ముందు కనిపించాలి తనకు. పోయిన ఏడాది రోహిణి కార్తెలో ఒక రాత్రి పదకొండింటికి మంచినీళ్లు తీసుకుని పైకి వెళ్తే, తడి టవల్ కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది.

"గాలి ఆడుతలేదని కాదు బిడ్డా, పొయ్యి ముందల కూసున్నట్టున్నది" అంది.

స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించాను. కాసేపటి కిందట అన్నం వార్చిన గిన్నెను ముట్టుకున్నట్టు ఉంది. కరోనా అప్పుడు కొన్న గన్ థర్మామీటర్‌ను సర్ఫేస్ మోడ్‌లో పెట్టి చూస్తే 42 డిగ్రీలు. తలుపు తీసి బయటికొస్తే గాలి అంతకంటే చల్లగా ఉంది.

అయిదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగుతుంది. ఆ వేడి మెల్లమెల్లగా కిందికి దిగేసరికి పొద్దుగూకుతుంది. మనం నడుం వాల్చే వేళకు స్లాబు సెగ నేరుగా ఒంటి మీదికి వస్తుంది. ఫ్యాన్ ఆ సెగను ఆపలేదు, స్లాబు కింద కాగిన గాలినే మళ్లీ మన మీదికి తోస్తుంది. పరకాల దగ్గర అమ్మ పుట్టిన ఇంటికి మట్టి గోడలు, గూన పెంకులు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోయేది. నడుమ అటక ఉండేది కాబట్టి పెంకుల వేడి మనిషి దాకా వచ్చేది కాదు. తను ఇప్పటికీ ఆ ఇంటినే తలుచుకుంటుంది.

మొదట సాయంత్రాలు స్లాబు మీద నీళ్లు చల్లాం. గంటసేపు హాయిగా ఉండేది. కానీ మే నెలలో మా వీధిలో బోర్లు అంతంత మాత్రం, మనసొప్పలేదు. తర్వాత డాబా అంతటికీ సున్నం వేయించాను. రాత్రంతా నానబెట్టి, బట్టలో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, ఎండ దిగాక రెండు పూతలు. కూలితో కలిపి మూడు వేలు దాటలేదు. 42 ఉన్నది 38కి వచ్చింది. చేతిలో డబ్బు లేనివాళ్లు ముందు ఇదే చేయండి, ఈ ఎండాకాలంలోనే చేయండి. ట్యాంకుకు కూడా తెల్ల రంగు వేయండి. కాకపోతే దుమ్ము పడితే తెలుపు పోతుంది, కోతులు తిరిగితే ఇంకా తొందరగా పోతుంది. వానలకు సగం సున్నం కొట్టుకుపోయింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో అసలు పని పెట్టుకున్నాను. ఒకాయన ఫాల్స్ సీలింగ్ వేయించమన్నాడు. మా మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎండను స్లాబు మీదనే ఆపాలె అక్కా. స్లాబు కాగినంక కింద ఏం జేసినా సగం పనే" అన్నాడు. ఆ మాట నాకు సరిగ్గా అనిపించింది.

డబ్బు చాలక అమ్మ గది మీద మాత్రమే చేయించాం, పద్నాలుగు అడుగులకు పన్నెండు. ముందు వాటర్‌ప్రూఫింగ్ వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం. ఒక మూల చెమ్మ దిగింది. అది బాగు చేశాకే ముందుకెళ్లాం, ఎందుకంటే పైన అన్నీ పరిచాక కారేది ఎక్కడో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాత రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు పరిచారు. చూడ్డానికి థర్మోకోల్ లాగే ఉంటుంది గానీ గట్టిది, నీళ్లు పీల్చదు. కాంక్రీటుతో పోలిస్తే ఇలాంటి షీట్ల గుండా వేడి దాదాపు నలభయ్యో వంతే పోతుంది. షీటుకూ షీటుకూ మధ్య సందు ఉంటే వేడి అక్కడినుంచే దిగుతుందని దగ్గరుండి ప్రతి అతుకుకూ టేపు వేయించాను. దాని మీద కవరు, జాలీ, నీళ్లు పోయేలా వాలు పెట్టి కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్. మొత్తం ముప్పై వేల పైచిలుకు.

2023 ఏప్రిల్‌లో మన తెలంగాణలో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, అంటే పైకప్పు ఎండకు కాగకుండా చూసుకోవాలనే విధానం. ప్రభుత్వ భవనాలకు, షాపులకు, 600 గజాలు అంతకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. మాలాంటి చిన్న ఇళ్లకు మన ఇష్టం. కానీ ఒంటి స్లాబు కింద వేగిపోయేది ఎక్కువగా మేమే. ఇల్లు కట్టేటప్పుడే, కిటికీలకు గ్రానైట్ కొనే డబ్బుతోనైనా ముందు ఈ పని చేయించుకోండని తెలిసినవాళ్లందరికీ చెప్తున్నాను.

మొన్న మేలో మళ్లీ రాత్రి పదకొండింటికి స్టూలెక్కాను. అమ్మ గదిలో 35. కింద హాల్లో, మళ్లీ సున్నం మాత్రమే వేసిన చోట 38. ఏసీ లేదు, ఫ్యాన్ మూడు మీద ఉంది. అమ్మ దుప్పటి కాళ్ల దాకా లాక్కుని పడుకుంది. నా అలికిడికి లేచి, మంచం పక్కన గోడను తడిమి చూపించింది.

"ఇగ గీ పడమటి గోడ సంగతి జూడు బిడ్డా, ఇంకా కాలుతనే ఉన్నది."