గుమ్మం వెలుగులో ముఖం

చింతపల్లి ఏజెన్సీలో పిల్లలకి ఫోటోగ్రఫీ నేర్పుతున్నానని చెప్తే చాలామంది ముందు అడిగేది ఒకటే: "పాపం, వాళ్లు కెమెరా ఎప్పుడైనా చూశారా?" చూశారు. మనకన్నా ఎక్కువే చూశారు. డిసెంబరు వచ్చిందంటే లంబసింగి చలి కోసం కార్లు బారులు తీరతాయి. కట్టెల మోపుతో వస్తున్న మామ్మని దారిలో ఆపుతారు, స్కూలుకి పోతున్న పిల్లల్ని వరసగా నిలబెడతారు, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. అందులో ఒక్కటైనా మళ్లీ ఆ ఊరికి రావడం నేను చూడలేదు. కెమెరా ముందు నిలబడటం ఈ పిల్లలకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాని వెనక నిలబడటమే తెలియదు. అందుకే నా క్లాసులో మొదటి రోజు చెప్పే మాట ఇది: ఎవరి ఫోటో తీస్తే వాళ్లకి ఒక ప్రింటు ఇవ్వాలి. ఇవ్వలేమనుకుంటే తీయకూడదు.

నేను నర్సీపట్నంలో ఉంటాను, పెళ్లిళ్లకి ఫోటోలు తీయడం నా పని. ముహూర్తాలు లేని ఆషాఢంలో, ధనుర్మాసంలో, మిగతా రోజుల్లో ఖాళీ దొరికిన ఆదివారాల్లో ఘాట్ ఎక్కి ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలకి వెళ్తాను. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడక ముందు అదీ మా విశాఖపట్నం జిల్లాలోదే. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు. తెలుగు అందరికీ వచ్చు, కొందరు ఇంట్లో తమ గిరిజన భాష కువి మాట్లాడుకుంటారు.

కెమెరా చేతికివ్వడానికి ముందు వాళ్లని ఒక గదిలో కూర్చోబెడతాను. కిటికీలకి నల్ల చార్టులు అతికించి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, ఒక చార్టుకి రూపాయి బిళ్లంత కన్నం పెడతాం. మంచు విడిచి ఎండ బాగా కాయాలి కాబట్టి చలికాలంలో పది దాటితే గానీ ఇది కుదరదు. కాసేపు ఏమీ కనపడదు. కళ్లు చీకటికి అలవాటుపడే కొద్దీ ఎదురు గోడ మీద బయట ఉన్నదంతా దిగుతుంది: సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగ, బోరింగు, తీగ మీద ఆరేసిన యూనిఫారాలు. అన్నీ తలకిందులుగా, రంగులతో సహా. ఎవరో బయట నడిచి వెళ్తే గోడ మీద కూడా నడుస్తారు.

కిందటి ధనుర్మాసంలో ఇది చూపిస్తుంటే ఏడో తరగతి పిల్లాడొకడు చెప్పాపెట్టకుండా బయటికి పరిగెత్తాడు. వీడెక్కడికి పోయాడా అనుకునేలోపు గోడ మీద ప్రత్యక్షమయ్యాడు. బోరింగు పక్కన రెండు చేతులూ నేలకానించి కాళ్లు పైకెత్తి నిలబడ్డాడట! గోడ మీద చెట్లూ బట్టలూ బోరింగూ అన్నీ తలకిందులు, వాడొక్కడే నిటారుగా ఉన్నాడు. గదంతా ఒకటే గోల. ఆ గోలలోనే వెనక నుంచి ఒక అమ్మాయి మిగతావాళ్లకి విడమరిచి చెప్పింది: "పైనుంచొచ్చిన వెలుగు కన్నంలోంచి తిన్నగా కిందకే పోద్ది కదా, మరి తిరగబడదేటి?" వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందని సైన్సు పుస్తకంలో చదివారు, పరీక్షలో రాశారు. ఆ రోజు కళ్లారా చూశారు. దీని గురించి వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్ శాస్త్రవేత్త రాశాడని, అలా పడిన బొమ్మని చెరిగిపోకుండా నిలిపే పద్ధతి మాత్రం లోకానికి 1839లో గానీ తెలియలేదని చెప్తే, అన్నేళ్లు గోడల మీద పడి పోయిన బొమ్మల గురించి వాళ్లకి చాలా బాధేసింది.

తర్వాత కన్నానికి అడ్డంగా ఇంకో కాగితం పెట్టి దాన్ని చొక్కా గుండీ అంత చేస్తాం. బొమ్మ తేటపడుతుంది, కానీ మసకచీకటి అవుతుంది. ఇది చూసిన పిల్లలకి అపర్చర్, అంటే లెన్సులో వెలుగొచ్చే కన్నం సైజు గురించి నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

మా దగ్గరున్నవి పాత కంపాక్ట్ కెమెరాలు, ఎక్కువగా కానన్ పవర్‌షాట్ ఏ సిరీస్‌వి. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తాయి, సెల్స్ సంతలో కూడా దొరుకుతాయి. ఫోన్లతో నేర్పొచ్చు కదా అంటారు. ఫోను చేతికొస్తే పిల్లల చూపు తెర మీదికి, ఆ తెర మీంచి వీడియోల మీదికి పోతుంది. కెమెరాకి ఒకటే పని. పైగా దానికి బటన్ ఉంటుంది, సగం నొక్కి ఆపాలి. అదే అన్నిటికన్నా కష్టం. ఫోకస్ కుదిరి బీప్ అనేదాకా ఆగకుండా వేలు ఒక్కసారే కిందికి పోతుంది, దాంతో కెమెరా కూడా ఊగుతుంది. మోచేతులు డొక్కలకి ఆనించండి, ఊపిరి బిగపట్టండి అని నేను ఎంత చెప్పినా రానిది, ఉండేలు బాగా కొట్టే ఒక కుర్రాడి వల్ల వచ్చింది. రాయి వదిలే ముందు ఎలా ఆగుతామో అలా ఆగాలని పక్కవాడికి కువిలో చెప్పాడు. అప్పటి నుంచి కొత్తవాళ్లకి ఆ పాఠం వాడే చెప్తున్నాడు.

ఇక ముఖాల సంగతి. పొద్దున్నే మంచులో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తన స్నేహితురాలి ఫోటో తీసింది. వెనక తెల్లటి పొగమంచు, ముందు ముఖం దాదాపు నల్లటి నీడ. దిగిన పిల్ల తెర మీద చూసుకుని "నేనింత నలుపా అక్కా" అంది. ఆ మాటకి వెంటనే జవాబు చెప్పి తీరాలి. కెమెరా తనకి కనపడినదంతా కలిపి ఒక మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. ఎదురుగా అంత తెలుపుంటే దాన్ని తగ్గించబోయి ముఖాన్నీ తగ్గించేస్తుంది. తప్పు నీ రంగుది కాదమ్మా, కెమెరా లెక్కది అని చెప్పి, ప్లస్ మైనస్ గుర్తున్న సెట్టింగు దగ్గరికి తీసుకెళ్లి ప్లస్ ఒకటికి పెట్టించాను. అదే పిల్ల, అదే మంచు, ఈసారి కళ్లు, ముక్కుపుడక, బుగ్గ మీద చిన్న మచ్చ అన్నీ వచ్చాయి. ఆ తర్వాత ఆమెని ఒక ఇంటి గుమ్మం లోపల, బయటికి చూస్తూ నిలబెట్టాం. వెనక గది చీకటి, ముందు నుంచి మెత్తటి వెలుగు. ఎండలో ఎంతకీ రాని చర్మం మెరుపు అక్కడ దానంతటదే వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లలు ఏ ఇంటికెళ్లినా ముందు గుమ్మం ఎటు చూస్తోందో చూసుకుంటున్నారు.

రీళ్ల కాలంలో ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ నమూనా కార్డులుండేవి. వాటిని షర్లీ కార్డులనేవాళ్లు. ఏళ్ల తరబడి వాటి మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆమె ఒంటిరంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టే. పెళ్లి ఆల్బమ్‌లో అందరినీ తెల్లగా చేయమని అడిగే కస్టమర్లు నాకు ఇప్పటికీ వస్తుంటారు. ఈ పిల్లలకి అలా తెల్లగా చేసే సాఫ్ట్‌వేర్ నేను చూపించను. ఉన్న రంగుని ఉన్నంత అందంగా తీయడం చేతనైతే దాని అవసరమే రాదు.

పిల్లలు తెచ్చిన ఫోటోల్లో వ్యూ పాయింట్లు ఉండవు, పొగమంచు లోయలు ఉండవు. టార్పాలిన్ మీద ఆరబోసిన కాఫీ గింజల్లో అమ్మ కాలివేళ్లు ఉంటాయి. మేక కన్ను ఉంటుంది. చోళ్ల అంబలి తాగుతున్న తాత గొంతు ఉంటుంది, గిన్నె అంచు దగ్గర కట్ అయిపోయి. కట్ అయిందని నేను అనను. ఆ గొంతు కదలికే వాడు చూసింది.

ప్రింట్లు నర్సీపట్నంలో వేయించి తీసుకెళ్తాను. ఆ చెమ్మకి, పొయ్యి పొగకి మామూలు ప్రింటు ఒక వానాకాలం కూడా నిలవడం కష్టమని లామినేషన్ చేయిస్తున్నాను. అక్కడ చాలా ఇళ్లలో పెద్దవాళ్లకి ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకొకటి లేదు. మొదట్లో వాళ్లు పిల్లల ముందు కూడా ఆధార్‌కి కూర్చున్నట్టే బిగుసుకుపోయేవాళ్లు. ప్రింటు చేతిలో పడ్డాక మారిపోయారు. రెండోసారి వెళ్తే చీర మార్చుకుని వస్తున్నారు, మనవడికే "అటు కాదురా, గుమ్మం దగ్గర తియ్యి" అని చెప్తున్నారు.

సంక్రాంతి తర్వాత సంత రోజున తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఫోటోలన్నీ వేలాడదీస్తాం. సాయంత్రం ఎవరి ఫోటో వాళ్లు పట్టుకెళ్లిపోవచ్చు. మీ ఇంట్లో వాడకుండా పడున్న చిన్న కెమెరా ఉంటే కామెంటు పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను. పెన్సిల్ సెల్స్‌తో నడిచేదైతే మరీ మంచిది, లేకపోతే ఛార్జర్‌తో సహా ఇవ్వండి. కార్డులో మీ ఫోటోలుంటే ముందు దించుకోండి. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కూడా పారేయకుండా దాచండి. కొండమీద వానాకాలం లెన్సులకి ఫంగస్ పట్టేస్తోంది.