తల్లీకొడుకుల నవల చదువుతున్నారా? ముందు వయసులు రాసుకోండి

ఆరువందల పేజీల కుటుంబ నవల మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందుగా వంశవృక్షం గీసుకుంటారు. మంచిదే, కానీ తల్లీకొడుకుల చుట్టూ నడిచే నవలకి అంతకంటే అక్కరకొచ్చేది ఇంకొకటుంది. అది వయసుల చీటీ. అరచేతిలో పట్టే కాగితం ముక్క, పెన్సిలు చాలు. ఆ చీటీనే బుక్‌మార్క్‌గా వాడుకుంటే ఎక్కడా పోదు.

చీటీకి పైన ఒకే ఒక అంకె రాయండి: కొడుకు పుట్టేనాటికి తల్లికి ఎన్నేళ్లు. కథ ఎంత దూరం నడిచినా ఆ అంకె మారదు. కింద రెండు గళ్లు గీసి ఒకదాంట్లో అమ్మ వయసు, రెండోదాంట్లో కొడుకు వయసు, పక్కనే పేజీ నంబరు వేసుకుంటూ పోండి. పుస్తకం మొత్తానికి పది పదిహేను వరసలు మించవు. ప్రతి సంఘటనా రాయక్కర్లేదు. బడి మానేసిన రోజు, మొదటి జీతం, ఇల్లు మారడం, ఇంట్లో ఒకరు పోవడం, కొడుకు జీవితంలోకి ఒక అమ్మాయి రావడం, తల్లికి జబ్బు చెయ్యడం... ఇలాంటివి చాలు.

వయసుల్ని రచయితలు చాలాసార్లు సూటిగా చెప్పరు. "పెళ్లయి ఎనిమిదేళ్లయింది" అంటారు ఒకచోట, "పెద్దాడికి ఏడు నిండాయి" అంటారు ఇంకోచోట. ఆ రెండూ కలిపి లెక్క కట్టుకునే పని పాఠకులదే. మొదటి యాభై పేజీల్లో ఇలాంటి ఆనవాళ్లు ఎక్కువగా ఉంటాయి. అవి దాటిపోయాక వెనక్కెళ్లి వెతకడం కష్టం, అందుకే చీటీ మొదటి రోజే మొదలుపెట్టాలి.

ఇదంతా ఎందుకో ఒక నవల పట్టుకుని చూద్దాం. డి.హెచ్. లారెన్స్ 'సన్స్ అండ్ లవర్స్' 1913లో వచ్చింది. ఇంగ్లండులో గని కార్మికుడి ఇల్లు. కథ మొదలయ్యేసరికి తల్లి గెర్‌ట్రూడ్ మోరెల్‌కి 31 ఏళ్లు, పెళ్లయి 8 ఏళ్లు. పెద్దకొడుకు విలియంకి 7, కూతురు ఆనీకి 5, కడుపులో మూడో బిడ్డ. ఆ మూడో బిడ్డే పాల్, నవలకి నాయకుడు. చీటీ మీద విలియం పేరు పక్కన 24 పడుతుంది, పాల్ పేరు పక్కన 31 పడుతుంది. ఒకే తల్లి, కానీ విలియంని ఎత్తుకున్నది పెళ్లయిన కొత్తలో ఉన్న మనిషి, పాల్‌ని ఎత్తుకున్నది ఆ పెళ్లి మీద ఆశ చచ్చిపోయిన మనిషి. ఇద్దరు కొడుకుల మీదా ఆమె ప్రేమ వేరువేరుగా ఎందుకుందో ఆ ఏడేళ్ల తేడాలో సగం తెలిసిపోతుంది.

ఆ 31 ఇంకో మాట కూడా చెబుతుంది. తల్లిని మనం మొదటిసారి ఏ వయసులో చూశామో, ఆ వయసుకి చేరకుండానే పాల్ కథ అయిపోతుంది. అమ్మ పెళ్లి గురించీ, నాన్న తాగుడు గురించీ అతను ఏర్పరచుకున్న అభిప్రాయాలన్నీ మొదటి పేజీలోని అమ్మకంటే చిన్నవాడి అభిప్రాయాలు. ఇది గుర్తుంచుకుని చదివితే అతని తొందరపాటు, ఆమె ఓర్పు రెండూ వేరే రంగులో కనిపిస్తాయి. కొన్ని నవలల్లో కొడుకు ఆ వయసు దాటతాడు కూడా. అలా దాటిన పేజీ దగ్గర ఆగి, నవల మొదటి అధ్యాయం ఒక్కసారి మళ్లీ చదవండి. అరగంట పని, కానీ పుస్తకం మొత్తంలో అంత ఫలితమిచ్చే అరగంట ఇంకోటి ఉండదు. చిన్నప్పుడు కొడుక్కి కోపంగా వినబడిన మాట అలసటగా వినబడుతుంది.

ఇక ఘట్టాల్ని దగ్గరగా చదవడం. తల్లీకొడుకుల నవలల్లో పెద్ద గొడవల కంటే చిన్న ప్రయాణాలు ముఖ్యం. అదే నవలలో పద్నాలుగేళ్ల పాల్‌ని వెంటబెట్టుకుని తల్లి నాటింగ్‌హామ్ వెళ్తుంది. శస్త్రచికిత్స సామగ్రి తయారుచేసే సంస్థలో గుమాస్తా పని కోసం. యజమాని ఒక ఫ్రెంచి ఉత్తరం ఇచ్చి చదవమంటాడు. చేతిరాత అర్థంకాక కుర్రాడు తడబడి, వేళ్లు లేని మేజోళ్లు కావాలని రాశారంటాడు, అదీ చేతివేళ్లకి వాడే ఇంగ్లిషు మాటతో. యజమాని కసురుకుంటాడు. ఫ్రెంచిలో చేతివేళ్లకీ కాలివేళ్లకీ కలిసొచ్చే మాట ఒకటుంది, తెలుగులో 'వేలు' ఉన్నట్టే. ఇంగ్లిషులో రెంటికీ రెండు మాటలు. అందువల్ల తెలుగులో చదివేవాళ్లకి ఆ కుర్రాడి తప్పు తప్పులాగే అనిపించదు, అనువాదకులు 'చేతివేళ్లు' అని విడదీసి రాస్తే తప్ప. ఎక్కడైనా ఒక పాత్ర సిగ్గుపడటానికి కారణం కనబడకపోతే, ఇలాంటి మాట ఏదో అనువాదంలో జారిపోయిందేమో అనుకుని రెండు వాక్యాలు వెనక్కి వెళ్లండి.

ఆ ఘట్టం చదివేటప్పుడు చూపు కొడుకు మీదే ఉంటుంది, సహజం. రెండోసారి చదివినప్పుడు తల్లి మీద పెట్టండి. ఆమె ఆ గదిలోనే ఉంది, కొడుకు అవమానం ఆమె కళ్లముందే జరిగింది. వారానికి ఎనిమిది షిల్లింగుల పని దొరికాక ఇద్దరూ భోజనానికి ఒక చోట కూర్చుంటారు. ధరల పట్టిక చూసి ఆమె గుండె బరువెక్కుతుంది, ఉన్నవాటిలో చవకైనది చెబుతుంది. అవమానం, ఎనిమిది షిల్లింగులు, ధరల పట్టిక ఒకే పూటలో వరసగా వచ్చాయి. "అమ్మ త్యాగం చేసింది" అని రచయిత ఒక్కచోటా అనలేదు. ఇలాంటివి దొరికినప్పుడు మార్జిన్‌లో ఒక గీత గీసి వదిలేయండి, వ్యాఖ్యానం రాయొద్దు. నవల సగానికి వచ్చాక ఆ గీతల దగ్గరికే మళ్లీ వెళ్తారు.

తర్వాత తేల్చుకోవాల్సింది కథ ఎవరి కళ్లతో నడుస్తోందన్నది. సులువైన పరీక్ష ఉంది. మొదటి యాభై పేజీల్లో తల్లి లేని ఘట్టం ఒక్కటైనా ఉందా? కొడుకు లేనిది ఉందా? రెండూ ఉంటే కథకుడు ఇద్దరి మధ్యా తిరుగుతున్నాడు. తల్లి లేని ఘట్టమే లేకపోతే, కొడుకు గురించి మనకి తెలిసేదంతా ఆమెకి తెలిసినంతే.

1906–07లో వెలువడిన మాక్సిం గోర్కీ 'అమ్మ' ఈ రెండో రకం. కొడుకు పావెల్ పుస్తకాలు ఇంటికి తెస్తాడు, స్నేహితులు చేరతారు, మాటలు నడుస్తాయి. మనం మాత్రం నలభయ్యేళ్ల నీలొవ్నా పక్కనే కూర్చుని వింటాం, ఆమెకి అర్థంకానివి మనకీ సగమే అర్థమవుతాయి. అక్షరాలు నేర్చుకోవడానికి ఆమె సిగ్గుపడి చాటుగా చదువుకుంటుంది. కొడుకు జైల్లో ఉన్న పేజీల్లో కొడుకు కనపడేది తక్కువ, అయినా కథ ఆగదు, ఎందుకంటే మారుతున్నది ఆమె. ఈ నవలని "పావెల్ ఏమయ్యాడు" అని చదివితే సగం పుస్తకం ఖాళీగా కనిపిస్తుంది, నీలొవ్నాకి నిన్న తెలియనిది ఇవాళ ఏం తెలిసిందని చదివితే ఒక్క పేజీ కూడా దండగ కాదు. ఇలాంటి నవలకి చీటీ వెనకవైపు మూడో గడి పెట్టుకోవచ్చు: అమ్మకి ఈ అధ్యాయంలో కొత్తగా తెలిసింది ఏమిటి? ఒక్క వాక్యం చాలు.

రష్యన్ నవలల్లో పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పావెల్, పాషా ఒకే మనిషి. నీలొవ్నా ఆమె అసలు పేరు కాదు, తండ్రి పేరుమీద వచ్చిన పిలుపు. అసలు పేరు పెలగేయా. పేరుకున్న రూపాలన్నీ చీటీలో ఒకే వరసలో రాసుకోండి. తల్లి ఏ ఘట్టంలో ముద్దుపేరు వాడింది, ఎక్కడ పూర్తిపేరు వాడింది అన్నది గమనిస్తే వాళ్ల మధ్య దూరం ఎంతుందో తెలిసిపోతుంది.

అనువాదంలో చదివేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రష్యన్‌లో నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. ఇప్పటి ఇంగ్లిషులో ఒకటే. ఇంగ్లిషు మీదుగా తెలుగులోకి వచ్చిన పుస్తకంలో కొడుకు తల్లిని "నువ్వు" అంటున్నాడా "మీరు" అంటున్నాడా అన్నది అనువాదకుల నిర్ణయమే. ఆ ఒక్క నిర్ణయంతో కొడుకు చనువున్నవాడూ కావచ్చు, బెరుకున్నవాడూ కావచ్చు. ముందుమాటలో ఏ భాష నుంచి అనువదించారో చూసి మొదలుపెట్టండి. సంక్షిప్త అనువాదమా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది, తెలియకపోతే అధ్యాయాల సంఖ్య మూలంతో పోల్చండి. మూలభాషలోనూ తేడాలుంటాయి. 'సన్స్ అండ్ లవర్స్'ని అచ్చుకి ముందు సంపాదకుడు ఎడ్వర్డ్ గార్నెట్ దాదాపు పదోవంతు కోసేశాడు, పూర్తి పాఠం 1992లో గానీ రాలేదు. దొరికితే పూర్తి పాఠమే చదవమంటాను. నిదానంగా సాగే కుటుంబ నవలలో సంపాదకుడికి అదనం అనిపించేది చాలాసార్లు ఇంట్లో మామూలుగా గడిచే రోజే, ఇలాంటి నవలకి ప్రాణం అక్కడే.

ఎన్ని రోజుల్లో చదవాలి? గంటకి 30 పేజీలు చదివేవాళ్లకి 600 పేజీలంటే 20 గంటలు. రోజుకి 40 నిమిషాలు కూర్చుంటే నెలరోజులు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుని మిగతా వారమంతా ముట్టుకోకపోతే ప్రతి ఆదివారం మొదటి అరగంట ఎవరెవరో గుర్తుచేసుకోవడానికే సరిపోతుంది. ఆపేటప్పుడు అధ్యాయం చివర ఆపకండి. మాటలు నడుస్తున్నప్పుడు, ఒక పేజీ మధ్యలో ఆపితే మర్నాడు మళ్లీ అందుకోవడం తేలిక.

చాలామంది పుస్తకం పక్కన పెట్టేసేది మూడోవంతు దగ్గర. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బాల్యం అయిపోతుంది, కొడుకు బయటికి వెళ్తాడు, కొత్త పాత్రలు నలుగురైదుగురు ఒక్కసారిగా వస్తారు, మనం అప్పటిదాకా అలవాటుపడిన అమ్మ పేజీల్లోంచి తప్పుకుంటుంది. విసుగు అనుకుంటాం గానీ అది బెంగ. ఇక్కడ వేగం పెంచితే కొత్తవాళ్లు ఎప్పటికీ పేర్లుగానే మిగిలిపోతారు. వేగం తగ్గించి, అమ్మ తిరిగి కనిపించే పేజీ ఎంత దూరంలో ఉందో కావాలంటే ముందుకు తిప్పి చూసుకోండి. తప్పేం లేదు. మధ్యలో ఉత్తరాలొస్తే మాత్రం ఒక్కటీ వదలొద్దు. కొడుకు దూరంగా ఉన్నప్పుడు తల్లి గొంతు వినబడేది వాటిల్లోనే.

పక్షం తీసుకోవడం ఇంకో ఇబ్బంది. కొడుకుని పట్టి ఉంచే తల్లి మీద కోపం వస్తుంది, వదిలి వెళ్లే కొడుకు మీద ఇంకా కోపం వస్తుంది. రానివ్వండి, కానీ ఆ కోపంతో పేజీలు దాటెయ్యకండి. ఎవరి మీద కోపమొచ్చిందో వాళ్ల వయసు చీటీలో చూడండి.

తల్లి పోయిన ఘట్టం తర్వాత చాలామందికి చదవబుద్ధి కాదు. 'సన్స్ అండ్ లవర్స్'లో మొత్తం 15 అధ్యాయాలుంటే తల్లి మరణం 14వ దాంట్లో వస్తుంది. ఆ మరణంలో కొడుకు చెయ్యి కూడా ఉంది: భరించలేని నొప్పిలో ఉన్న ఆమెకి పాల్, ఆనీ కలిసి ఎక్కువ మోతాదు మార్ఫియా పాలల్లో కలిపి ఇస్తారు. ఆ అధ్యాయం చదివిన రోజు ఇంకేమీ చదవకండి. 15వది మర్నాడు, ఒకే కూర్చోవడంలో, పొద్దున్నపూట చదవండి. అది చిన్నది, సంఘటనలు తక్కువ. పాల్ రాత్రి చీకట్లో ఊరిబయట నిలబడి అమ్మని పిలుస్తాడు, తర్వాత దీపాలున్న పట్నం వైపు గబగబా నడుస్తాడు. చీటీలో తల్లి గడి ముందు అధ్యాయంతోనే ఆగిపోయింది. కొడుకు గడిలో చివరి అంకె రాసి, పుస్తకం మూసే ముందు మొదటి అధ్యాయం తెరవండి. అక్కడ ఆమెకి ముప్పై ఒకటి. పాల్ ఇంకా పుట్టలేదు.