డ్రైన్‌లోకి బురద పోతే పనే ఆపేస్తారా?

సింగపూర్‌లో మా కన్‌స్ట్రక్షన్ సైట్ గేటు దగ్గర, బురద నీళ్లు బయటికి పోకుండా వేసిన అడ్డుగట్టును లారీ ఒకటి తొక్కేసింది. వాన వెలిసేసరికి డ్రైన్‌లో టీ రంగు నీళ్లు. పర్యావరణ అధికారిణి వచ్చి పని ఆపించింది. వయసులో నాకంటే బాగా చిన్నది. కూలీలందరి ముందూ, “ఈ నీళ్లే రేపు మీరు తాగేది” అంది.

ఒళ్లు మండింది. మాది బెజవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంటి కింది వాటా మొత్తం ముంచేసింది. నీటి గురించి నాకు పాఠమా?

కానీ ఆమె అన్నది నిజమే. ఇక్కడ మూడింట రెండు వంతుల నేల మీద పడ్డ వాన కాలువల వెంట జలాశయాలకే చేరుతుంది. 2008లో సముద్రానికి అడ్డంగా మెరీనా బ్యారేజీ కట్టాక నడి ఊళ్లోని నీళ్లూ తాగడానికే. అందుకే సైట్ నుంచి వదిలే నీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి మడ్డి ఉండకూడదు. కాలువలో పోసే చోట కెమెరా కూడా పెట్టాలి. మొదట్లో ఓవర్ యాక్షన్ అనుకునేవాడిని. కారణం తర్వాత తెలిసింది. 2001 నుంచి మురుగు, వరద కాలువలు, మంచినీళ్లు అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. కాలువలో బురద పేరుకుంటే తీయించేదీ వాళ్లే, ఆ నీళ్లు శుద్ధి చేసేదీ వాళ్లే. నొప్పి వాళ్లకే తెలుస్తుంది మరి.

అలాగని వీళ్లు మునగరా? 2010లో ఆర్చర్డ్ రోడ్డు షాపుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ తర్వాత ఎగువ నీటిని మళ్లించే కాలువ తవ్వి, 38,000 ఘనపు మీటర్ల ట్యాంకు భూమిలో కట్టారు. 2018కి అవి సిద్ధమయ్యాయి. డబ్బుంది, కట్టారు. పైగా వీళ్ల వాన వీళ్ల ఊళ్లోనే పడుతుంది. మాకు మైలవరం కొండల్లో పడ్డ వాన వస్తుంది. బుడమేరు గట్లకు గండ్లు పడితే సింగ్ నగర్ ఏం చేస్తుంది? కొల్లేటికి పోవాల్సిన వాగును ఇళ్లతో ఇరుకు చేసింది మాత్రం మనమే, కాదనను. ఎగువన బుడమేరు మీది వెలగలేరు లాకులు ఎత్తారన్న కబురు నాన్న చెవిన పడేసరికి నీళ్లు మెట్లెక్కేశాయి.

ఇప్పుడాయన వాకిలి రెండడుగులు ఎత్తు చేయిస్తున్నారు, డబ్బు పంపాను. “మన నీళ్లు పక్కింట్లోకి పోతాయి కదా నాన్నా” అంటే, “వాళ్లూ ఎత్తు చేయిస్తున్నార్రా” అన్నారు.