మడవ మార్చారా?

తాతయ్య మంచం పట్టాక ఆఖరి వారం రోజులూ నోట ఒకటే మాట. "మడవ మార్చారా?"

నానమ్మ ఆయన చెవి దగ్గరే కూర్చుని "రామ రామ అనండి, నారాయణా అనండి" అని చెబుతూనే ఉండేది. ఆయన వినేవారు, తలూపేవారు, కాసేపటికి మళ్లీ మడవ గురించే అడిగేవారు. ఏకాదశి ఉపవాసం ఏనాడూ తప్పని మనిషి. తడిబట్టతో బావిగట్టు మీద నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టందే పార ముట్టని మనిషి. అలాంటాయన ఆఖరి ఘడియల్లో దేవుడి పేరు పలక్కుండా పొలం ధ్యాసలోనే పోతున్నారే అని ఇంట్లో అందరికీ టెన్షన్. అంత్యకాలంలో దేన్ని తలుచుకుంటూ పోతే దాన్నే చేరతాడని గీత ఎనిమిదో అధ్యాయం చెబుతోంది కదా. ఆ దిగులు నన్ను చాలా ఏళ్లు వదల్లేదు.

దాన్ని తీర్చినవాడు సావతా మాళీ.

మహారాష్ట్రలో, ఇప్పటి సోలాపూర్ జిల్లాలో అరణ్ అనే ఊరు. 1250లో అక్కడ పుట్టి, 1295లో అక్కడే కన్నుమూసిన కూరగాయల రైతు ఆయన. మరాఠీ భక్తకవులు నామదేవుడు, జ్ఞానేశ్వరుడు ఆయన కాలం వాళ్లే. పాండురంగడికి పరమభక్తుడు. పండరిపురం కూడా దగ్గరే, ఇవాళ్టి లెక్కలో అదే జిల్లా. అయినా ఆయన తోట వదిలి పండరి యాత్రకు వెళ్లలేదని భక్తులు చెప్పుకుంటారు.

ఎందుకు వెళ్లలేదో కూర మళ్లు సాగుచేసిన వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎడ్లు మోట లాగుతుంటే తోలు బొక్కెన పైకొచ్చి నీళ్లు గుమ్మరిస్తుంది. ఆ నీళ్లు కాలవ వెంట జారి ఒక మడిలోకి చేరతాయి. అది నిండగానే పారతో మట్టి తీసి దాని నోరు మూసి, పక్క మడికి దారి తెరవాలి. అదే మడవ మార్చడం. కాస్త ఏమరుపాటుగా ఉంటే నిండిన మడి గట్టు తెగుతుంది, పక్క మడి ఎండుతూనే ఉంటుంది. ఇంకా సరిగ్గా వేరు పట్టని నారు మన యాత్ర అయ్యేదాకా ఆగుతుందా?

ఆ మళ్ల మధ్యే సావతా పాడుకున్న అభంగం, అంటే మరాఠీ భక్తిపాట, ఇలా మొదలవుతుంది: "కాందా మూళా భాజీ, అవఘీ విఠాబాయీ మాఝీ." ఉల్లి, ముల్లంగి, ఆకుకూర, ఇవన్నీ నా విఠాబాయే అంటున్నాడు. విఠలుణ్ని అమ్మని చేసి పిలుస్తున్నాడు! తర్వాతి చరణంలో వెల్లుల్లి, మిరప, కొత్తిమీర, అన్నీ నా హరే అయిపోయాయంటాడు. (మిరపకాయ పోర్చుగీసు వాళ్లతో మన దేశానికి వచ్చింది సావతా పోయిన రెండొందల ఏళ్ల తర్వాతే. ఆ తర్వాత పాడుకున్న రైతులెవరో తమ మడిలో ఉన్న పంటని కూడా స్వామికి చేర్చేసి ఉంటారు. నాకైతే అది తప్పుగా అనిపించదు, ముచ్చటేస్తుంది.) ఆపైన మోట, మోకు, బావి, తాడు, అన్నింటా పండరే నిండిపోయిందంటాడు.

ఆ వరసలో మోట, మోకు కనపడగానే చదవడం ఆపేశాను. తాతయ్య అరచేతుల్లో మోకు ఒరిపిడికి కాయలు కాసిన చోట్లు గుర్తొచ్చాయి. మోటారు వచ్చి ఎన్నేళ్లయినా అవి పోలేదు.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో నలభై ఆరో శ్లోకం ఉంది. "స్వకర్మణా తమభ్యర్చ్య సిద్ధిం విందతి మానవః." ఎవరి పనితో వాళ్లు ఆయన్ని అర్చించి సిద్ధి పొందుతారని భావం. జ్ఞానేశ్వరుడు గీతకి మరాఠీలో చెప్పిన వ్యాఖ్యానం, 1290లో పూర్తయిన జ్ఞానేశ్వరిలో ఈ శ్లోకం దగ్గర స్వకర్మ కుసుమాలు అనే మాట వస్తుంది. మన పనులే పూలు, వాటితోనే సర్వాత్మకుడికి పూజ. అప్పటికి సావతాకి నలభై ఏళ్లు. ఆ పూజే ఆయన తోటలో చేస్తున్నాడు.

ఆయన గురించి ఒక కథ చెబుతారు. పాండురంగడు పిల్లవాడై తోటలోకి పరుగెత్తుకొచ్చి "నన్నెక్కడైనా దాచు" అన్నాడట. సావతా చేతిలోని కొడవలితోనే తన పొట్ట చీల్చి స్వామిని లోపల దాచి, పైన బట్ట కట్టుకున్నాడట. వెతుక్కుంటూ వచ్చిన నామదేవుడికి దేవుడు దొరికింది ఆ రైతు కడుపులోనే. నాకు ఈ కథలో ఆ కొడవలి మీదే మనసు. ఆకుకూర కోసే కొడవలి. ఆ క్షణంలో వేరే పూజా సామాను ఏదీ వెతుక్కోలేదు ఆయన.

నలభై అయిదేళ్లకే, ఆషాఢ బహుళ చతుర్దశి నాడు సావతా వెళ్లిపోయాడు. అభంగం చివర తోట సాగుచేశాననీ, విఠలుడి పాదాలకు మెడ పెనవేసుకున్నాననీ అంటాడు. అలా పెనవేసుకున్న మనిషి ఆఖరి నిమిషంలో కొత్తగా తలుచుకోవాల్సింది ఏముంటుంది? మన తొలి ఏకాదశి నాటికి ఊరూరి నుంచీ పల్లకీలు పండరికి చేరతాయి. సావతా వర్ధంతికి మాత్రం పాండురంగడి పల్లకీయే పండరి నుంచి బయల్దేరి అరణ్‌కి వెళుతుంది.

ఆ చివరి సాయంత్రం తాతయ్య మళ్లీ అడిగారు. నాన్న అప్పుడే పొలం నుంచి వచ్చాడు, కాళ్లకి బురద ఇంకా ఆరలేదు. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మార్చాను నాన్నా. ఆఖరి మడి దాకా పారింది."

తాతయ్య సరేనన్నట్టు తలూపి, కళ్లు మూసుకున్నారు.