తెనాలి నంబరు, సిమ్ ట్రే లేని ఫోను

నా భారతీయ నంబరు తొమ్మిదేళ్లపాటు డాలస్ పక్కన ఇర్వింగ్‌లోని మా వంటింటి సొరుగులో బతికింది. 2011లో నేను గుంటూరులో కాలేజీలో చేరినప్పుడు నాన్న తెనాలి బస్టాండు దగ్గర కొనిపెట్టిన ఆ సిమ్‌ను, 2016లో అమెరికా వెళ్లేటప్పుడు ఒక పాత ఫోనులో వేసుకుని తీసుకువెళ్లాను. దాంతో ఎవరికీ ఫోను చేసింది లేదు. బ్యాంకు ఖాతా, ఆధార్, ఆదాయపు పన్ను రిటర్ను, ఎల్ఐసీ ప్రీమియం అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉండటం వల్ల, ఓటీపీ అవసరమైనప్పుడల్లా ఆ ఫోనును ఛార్జింగ్‌కు పెట్టి, అది లేచేదాకా కాచుకుని, ఆరంకెలు చూసుకుని, మళ్లీ సొరుగులో పడేసేవాళ్లం. మా ఇంట్లో దాని పేరే ఓటీపీ ఫోను.

2024 చివరికి దాని బ్యాటరీ ఉబ్బి వెనకమూత పైకి లేచింది. సిమ్ తీసి నా కొత్త ఐఫోనులో వేసుకుందామంటే, అందులో సిమ్ పెట్టుకునే చోటే లేదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రే ఉండదు. ఫోను లోపల శాశ్వతంగా అమర్చిన చిప్‌లోకి టెలికాం కంపెనీ సిమ్ వివరాలను నెట్ ద్వారా దింపే ఈసిమ్ ఒక్కటే వాటికి మార్గం. అదే మోడల్‌ను భారతదేశంలో కొన్న మా తమ్ముడి ఫోనుకు ట్రే ఉంది, నా దానికి లేదు. అందుచేత 2025 సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు ఆ నంబరును ఈసిమ్‌గా మార్చుకు రావాలని నిర్ణయించుకున్నాను.

బయలుదేరే ముందు రెండు విషయాలు సరిచూసుకున్నాను. మొదటిది, ఫోను ఏదైనా కంపెనీకి లాక్ అయి ఉందా అన్నది. అమెరికాలో వాయిదాల మీద కొన్న ఫోన్లు చాలావరకు ఆ కంపెనీకే కట్టుబడి ఉంటాయి, వాటిలోకి మరో కంపెనీ ఈసిమ్ ఎక్కదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి చూస్తే క్యారియర్ లాక్ అన్న చోట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని కనిపించాలి, నాకు కనిపించింది. రెండోది, *#06# నొక్కితే వచ్చే సంఖ్యలు. అందులో ఫోనును గుర్తించే 15 అంకెల ఐఎంఈఐలు, 32 అంకెల ఈఐడీ ఉంటాయి. ఈఐడీ అంటే ఆ ఈసిమ్ చిప్‌కు ఉండే సొంత గుర్తింపు సంఖ్య. కొన్ని కంపెనీలు ఈమెయిలుతో సరిపెడతాయి, కొన్ని ఈ 32 అంకెలూ అడుగుతాయి. చేత్తో ఎక్కిస్తే తప్పు పోవడం ఖాయం కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

ఇంత ముందుచూపు ఉన్నదాన్ని, అసలు పనిని మాత్రం సెలవు చివరి దాకా వాయిదా వేశాను. ఆదివారం రాత్రి శంషాబాద్‌లో విమానం, గురువారం ఉదయం నేను సిమ్ పని మొదలుపెట్టాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే, మిగతావన్నీ దీని తరువాతే.

మొదటి మెట్టు తేలికగానే గడిచింది. పాత సిమ్ నుంచి, నంబరుతో నమోదైన ఈమెయిలు రాసి, కంపెనీ చెప్పిన సంఖ్యకు ఎస్సెమ్మెస్ పంపాను. మారుస్తున్నది మీరేనా అని అడుగుతూ వెంటనే జవాబు వచ్చింది, అవునని పంపాను. ఆ తరువాత సమ్మతి కోసం ఒక కాల్ వస్తుందని, అందులో ఒక అంకె నొక్కితేనే పని ముందుకు సాగుతుందని మరో సందేశం వచ్చింది. సరిగ్గా ఆ సమయంలో నేను అమ్మ వడ్డించిన గోంగూర అన్నం ముందు కూర్చుని ఉన్నాను. తెలియని నంబరు నుంచి కాల్ రాగానే, ఏళ్ల తరబడి చేసుకున్న అలవాటు కొద్దీ ఎడమచేత్తో కట్ చేశాను. దాంతో అభ్యర్థన రద్దయింది, మళ్లీ మొదటికి వచ్చాము. రెండోసారి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కాల్ వచ్చింది, అంకె నొక్కాను, కాసేపటికి ఈమెయిలులో క్యూఆర్ కోడ్ వచ్చింది.

ఆ కోడ్‌ను కొత్త ఫోను కెమెరాతో చదివించాలి కాబట్టి అది మరో తెర మీద ఉండాలి; తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచాము. కొత్త ఫోనుకు ఇంకా ఇక్కడి నెట్‌వర్క్ లేదు గనుక వైఫై కూడా తప్పనిసరి. సెట్టింగ్స్‌లో సెల్యులార్ కింద యాడ్ ఈసిమ్ నొక్కి కోడ్ చూపించగానే కంపెనీ పేరు ప్రత్యక్షమైంది, దాని కింద ‘యాక్టివేటింగ్’ అని తిరగడం మొదలైంది. పావుగంట అయింది, అరగంట అయింది, అది తిరుగుతూనే ఉంది. పాత ఫోనులో మాత్రం సిగ్నల్ గీతలు నిక్షేపంగా ఉన్నాయి. ఎక్కడో చిక్కుకుంది, తీసేసి మళ్లీ స్కాన్ చేద్దామని నేను ‘డిలీట్ ఈసిమ్’ నొక్కాను. “అక్కా, కాస్త ఆగరాదూ” అని తమ్ముడు అంటూనే ఉన్నాడు.

ఆగి ఉండవలసింది. ఆ క్యూఆర్ కోడ్‌లో సిమ్ ఉండదు, కంపెనీ సర్వర్‌లో మన కోసం సిద్ధం చేసి ఉంచిన వివరాల చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ వివరాలు ఒక్కసారే దిగుతాయి. నేను తీసేసింది అప్పటికే దిగిపోయిన సిమ్‌ను. అదే కోడ్‌ను మళ్లీ చూపిస్తే ఇది ఇప్పటికే వాడినదని ఫోను తిప్పికొట్టింది. ఇంకో గంటలో పాత ఫోనులోని గీతలు కూడా మాయమయ్యాయి, ఎందుకంటే అవతల మార్పిడి తన దారిన తాను పూర్తయింది. పాత ప్లాస్టిక్ సిమ్ చచ్చింది, కొత్తది నా చేతులమీదుగానే పోయింది, పద్నాలుగేళ్ల నంబరు ఏ ఫోనులోనూ లేకుండా గాలిలో నిలిచిపోయింది. కోడ్ మళ్లీ తెప్పించుకోవాలంటే ఆ నంబరు నుంచే ఎస్సెమ్మెస్ పంపాలి మరి.

శుక్రవారం ఉదయం ఆ కంపెనీ స్టోరుకు వెళ్లాను. కౌంటరు దగ్గరి కుర్రాడు నంబరు కొట్టి చూసి, “మేడమ్, ఇది మీ పేరున లేదండీ” అన్నాడు. నిజమే, 2011లో దరఖాస్తు మీద సంతకం నాన్నది, ఫొటో నాన్నది. ఆ సంగతి మా ఇద్దరికీ పద్నాలుగేళ్లలో ఒక్కసారీ గుర్తుకు రాలేదు. నాన్న ఆధార్ కార్డు పట్టుకుని తమ్ముడి బండి మీద వచ్చారు. వేలిముద్ర యంత్రం మీద కుడి బొటనవేలు పెట్టారు, సరిపోలలేదు. చూపుడువేలు పెట్టారు, అదీ లేదు. నలభై ఏళ్లు పొలం పని చేసిన చేతి మీద గీతలు మిగిలితే కదా. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కొక్క వేలూ పెట్టుకుంటూ పోతే చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పని చేసింది. “అమ్మాయ్, నీ నంబరు ఈ వేలికి రాసిపెట్టి ఉందే” అని నాన్న నవ్వారు గానీ, నాకు మాత్రం అప్పటిదాకా ఊపిరి ఆడలేదు.

కొత్త కోడ్ వచ్చాక ఫోనును బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. యాక్టివేట్ కావడానికి గంటన్నర పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మ ఫోనుకు కాల్ చేస్తే మోగింది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఇంటి పైకప్పు మరమ్మతు చేసిన మేస్త్రికి డబ్బు పంపుదామని యూపీఐ యాప్ తెరిస్తే, నంబరును ధ్రువీకరించేందుకు ఫోను నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలంది, అది వెళ్లలేదు. బ్యాంకు ఓటీపీ అడిగాను, అది రాలేదు. భారతదేశంలో సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. టెలికాం శాఖ పెట్టిన నియమం అది. ఎవరైనా మోసగాడు మన పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే, వెంటనే ఓటీపీలు తెప్పించుకుని ఖాతా ఊడ్చేయకుండా ఈ అడ్డు పెట్టారు. మన సిమ్ హఠాత్తుగా మూగబోయిందంటే బ్యాంకుకు చెప్పుకోవడానికి మనకు ఒక రోజు గడువు దొరుకుతుంది. నియమంలో నాకు తప్పేమీ కనిపించలేదు. అది ఉందన్న సంగతి ఒక్క ముక్క కూడా స్టోరులో చెప్పకపోవడమే నాకు కోపం తెప్పించింది. మేస్త్రికి తమ్ముడు తన ఫోను నుంచి పంపాడు. అంతటితో ఊరుకోక, ఈ కంపెనీయే వద్దు, అదే నంబరుతో వేరే దానికి పోర్ట్ చేసేయమన్నాడు. అదీ కుదరదు, సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు పోర్టింగ్ కోడ్ ఇవ్వకూడదని 2024 జూలై 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన అమలులో ఉంది.

శనివారం మధ్యాహ్నం రెండు కావస్తుండగా మొదటి ఎస్సెమ్మెస్ వచ్చింది, రీఛార్జి చేసుకోమనే ప్రకటన. ఒక ప్రకటనను చూసి అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి. విమానం ఎక్కేలోగా బ్యాంకు యాప్, యూపీఐ రెండూ ఈ ఫోనులో మళ్లీ నమోదు చేసుకున్నాను. ఇంటర్నేషనల్ రోమింగ్ కూడా ఊళ్లో ఉండగానే ఆన్ చేయించాను. మొబైల్ డేటాకు అమెరికా లైన్‌ను మాత్రమే ఉంచి, భారతీయ లైన్‌కు డేటా రోమింగ్ ఆపేశాను. డేటా స్విచ్చింగ్ అనే మీటను కూడా ఆపాలి, లేకపోతే ఒక లైన్‌లో నెట్ మందగించినప్పుడు ఫోను చెప్పకుండా రెండో లైన్‌కు మారవచ్చు. ఐఫోన్ల మధ్య నెట్ మీద సందేశాలు పంపే ఐమెసేజ్‌లో ఈ భారతీయ నంబరుకు టిక్ తీసేశాను, ఎందుకంటే దాన్ని యాక్టివేట్ చేసేటప్పుడు ఐఫోను మనకు కనిపించకుండా విదేశీ నంబరుకు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, దానికి డబ్బు పడుతుంది. నా ప్లానులో విదేశంలో అందుకునే ఎస్సెమ్మెస్ ఉచితం, ఎత్తిన కాల్‌కు మాత్రం నిమిషాల లెక్కన పడుతుంది. కాబట్టి ఆ లైన్ మీద వచ్చే కాల్‌ను కట్ చేసే నా పాత అలవాటు ఇప్పుడు తిరిగి పనికి వస్తోంది.

ఓటీపీ ఫోనును తెనాలిలోనే వదిలేసి వచ్చాను; బ్యాటరీ మార్పించుకుని నాన్న దాన్ని రేడియోగా వాడుతున్నారు. నంబరు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పేరు మార్చాలంటే ఇద్దరూ గుర్తింపు పత్రాలతో స్టోరుకు రావాలని ఆ కుర్రాడు చెప్పాడు. ఈసారి ఊరు వెళ్లగానే మొదటి వారంలోనే ఆ పని పెట్టుకుంటాను, ఎడమచేతి ఉంగరపు వేలితో మొదలుపెట్టమని నాన్నకు ముందే చెప్పి ఉంచాను.